ఆ ‘అతివేగం’ మా షెడ్లలోనే తయారవుతోంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన కారు ప్రమాదం వార్త చదివాను. తెల్లవారుజామున హైవే మీద రెండు కార్లు పోటీ పడ్డాయని, ఒకటి డివైడర్ ఎక్కి బోల్తా కొట్టిందని రాశారు. చివర్లో ఎప్పటిలాగే ‘అతివేగమే ప్రమాదానికి కారణమని పోలీసులు తెలిపారు’ అని ఉంది. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. నాకు చదవడం వచ్చినప్పటి నుంచి ఆ వాక్యం చూస్తూనే ఉన్నాను. ఆ వేగాన్ని బండికి ఎవరు ఎక్కించారు, ఏ షెడ్డులో ఎక్కించారు, ఎంత తీసుకున్నారు అన్నది మాత్రం ఎవరూ రాయరు. నేను రాయగలను, ఎందుకంటే ఒకసారి ఆ పని నేనే చేశాను.

నేను హనుమకొండలో గేర్‌బాక్స్ మెకానిక్‌ని. వయసు 53. పదో తరగతి తప్పి లారీ గేర్‌బాక్సుల దగ్గర స్పానర్లు అందించడంతో మొదలైంది నా పని. తర్వాత జీపులు, అంబాసిడర్లు. 2009లో హైదరాబాద్ పోయి రెండేళ్లు ఉండి ఆటోమేటిక్ పని నేర్చుకుని వచ్చాను. అప్పుడు మా ఊళ్లో ఆటోమేటిక్ కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్ద డాక్టర్లవి కొన్ని, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లవి కొన్ని. 2014లో సెలెరియోలో ఏఎంటీ వచ్చాక లెక్క మారిపోయింది. (అది అసలైన ఆటోమేటిక్ కాదు, మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్ నొక్కి గేరు వేసే యంత్రం తగిలించారు. ఆ మాట చెబితే ఓనర్లకు కోపం వస్తుంది.) ఇప్పుడు నా షెడ్డు ముందు ఆగే కార్లలో సగానికి క్లచ్ పెడల్ లేదు.

ఆటోమేటిక్ బండ్లు వచ్చాక పోటీ పద్ధతి కూడా మారింది. వెనకటికి పిల్లలు బండ్లు ఆపి, వరసగా నిలబెట్టి, ఒక్కసారి లేపేవాళ్లు. అందులో టైర్లు గీసుకుపోతాయి, పొగ వస్తుంది, చప్పుడుకు ఊరంతా లేస్తుంది. ఇప్పుడు ‘రోల్’ అంటున్నారు. రెండు కార్లు పక్కపక్కన రెండు లేన్లలో యాభై, అరవై స్పీడులో మామూలుగా పోతున్నట్టే పోతాయి. వెనక ఇంకో కారు వీడియో తీస్తూ వస్తుంది, వెనకొచ్చే బండ్లను దాటనివ్వకుండా అడ్డం పడేది కూడా అదే. పక్క కారు వాడు మూడుసార్లు హారన్ కొడతాడు. మూడో హారన్‌కు ఇద్దరూ ఆక్సిలరేటర్ మీద పాదం మోపి నేలకు తొక్కుతారు. మడికొండకు, పెద్ద పెండ్యాలకు మధ్య హైవే తిన్నగా ఉన్నచోట ఇది జరుగుతుంది. ఎదురుగా చూసినవాడికి రెండు కార్లు వస్తున్నట్టే ఉంటుంది తప్ప పోటీ అని తెలియదు. పోలీసుకూ తెలియదు.

ఈ రోల్‌లోనే గేర్‌బాక్స్ పని పడుతుంది. అరవైలో నెమ్మదిగా పోతున్న ఆటోమేటిక్ బండి ఐదో గేరులోనో ఆరో గేరులోనో ఉంటుంది. లోపల టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాకప్ పడి ఉంటుంది, అంటే ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను కలిపి కట్టేసినట్టు. ఒక్కసారిగా తొక్కితే ముందు ఆ లాకప్ విడిపోవాలి. తర్వాత ఐదు నుంచి మూడుకో రెండుకో గేరు దిగాలి. ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పైకి లేవాలి, టర్బో గాలి పట్టాలి. ఇదంతా అయ్యేసరికి బండిని బట్టి అర సెకను నుంచి సెకను దాకా పడుతుంది. ఇద్దరిలో ఒకడు సెకను ముందు కదిలితే పది సెకన్ల తర్వాత నాలుగైదు కార్ల పొడవు ముందుంటాడు. వీడియోలో ఓడినవాడి బండి పేరు కూడా పోతుంది. అందుకే ఆ సెకను కోసం నా దగ్గరికి వస్తారు.

మూడేళ్ల క్రితం ఒక పిల్లవాడు వచ్చాడు. ఇరవై మూడేళ్లుంటాయి. వాళ్ల నాన్న వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో అడ్తి వ్యాపారి. ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఉన్న టర్బో పెట్రోల్ సెడాన్, రెండేళ్ల బండి, నలభై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. “అన్నా, హారన్ కొట్టినంక బండి ఒక్క సెకను ఆలోచిస్తది. ఆ ఆలోచన తీసెయ్యరాదే” అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. ఇప్పటికీ గుర్తుంది. బండి గురించి అంత సరిగ్గా చెప్పిన కస్టమరు నాకు ఇంకొకడు లేడు.

కంప్యూటర్ పని నాది కాదు. అది చేసే మనిషి హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. స్టీరింగ్ కింద ఉండే పోర్టుకు తీగ తగిలించాడు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉన్న ఫైలు తీసి, మార్చిన ఫైలు ఎక్కించాడు. నలభై నిమిషాలు. అతని ముప్పై ఐదు వేలు అతను తీసుకున్నాడు. నా పని: ఆయిల్ మొత్తం మార్చడం, వాల్వ్ బాడీ (ఏ క్లచ్‌కు ఎప్పుడు ఆయిల్ పోవాలో నడిపించే భాగం) విప్పి కడగడం, రేడియేటర్ ముందు అదనంగా ఒక ఆయిల్ కూలర్ బిగించడం. పద్దెనిమిది వేలు తీసుకున్నాను. కూలర్ పెట్టాం కదా, ఏం కాదు పో అని ధైర్యం కూడా చెప్పాను.

ఆ ఫైలులో ఏం మార్చారో చెప్పాలి. ఇది తెలియకపోతే మీ విలేకరులు ‘అతివేగం’ దగ్గరే ఆగిపోతారు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేరు మారడం అంటే లోపల ఒక క్లచ్ ప్లేట్ల కట్ట వదలాలి, ఇంకో కట్ట పట్టాలి. చేదబావిలో బొక్కెన లాగినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక చెయ్యి తాడు వదిలేది, ఇంకో చెయ్యి పట్టిన తర్వాతే. ముందే వదిలితే బొక్కెన జారుతుంది. ఆలస్యంగా వదిలితే రెండు చేతులూ బిగుసుకుని తాడు ఆగిపోతుంది. నిండు బొక్కెన అయితే చేతులు మార్చేటప్పుడు మనం లాగుడు కాస్త తగ్గిస్తాం కూడా. గేర్‌బాక్స్ అదే చేస్తుంది. గేరు మారే క్షణంలో ఇంజిన్ కంప్యూటర్‌కు ‘కాస్త తగ్గు’ అని కబురు పంపుతుంది. ఇంజిన్ ఇగ్నిషన్‌ను, అంటే నిప్పురవ్వ పడే క్షణాన్ని, వెనక్కి జరిపి రెప్పపాటు బలం తగ్గిస్తుంది. ఆ రెప్పపాటులో ప్లేట్లు చేతులు మార్చుకుంటాయి. పక్క సీట్లో ముసలమ్మ కూర్చున్నా ఆమెకు కుదుపు తెలియకపోవడానికి కారణం ఇదే. ప్లేట్లు లక్షన్నర కిలోమీటర్లు బతికేది కూడా ఇందువల్లే.

రోల్ కోసం ట్యూన్ చేసినవాడు, అంటే ఆ ఫైలు మార్చినవాడు, మొదట ఆ కబురు కోసేస్తాడు, లేకపోతే బాగా తగ్గిస్తాడు. ఇంజిన్ నిండు బలంతో ఉండగానే ప్లేట్లు పట్టుకోవాలి. జారకుండా పట్టాలి కాబట్టి ప్లేట్లను నొక్కిపట్టే ఆయిల్ ప్రెషర్ పెంచుతాడు. గేరు ‘టప్’మని పడుతుంది. పిల్లలకు ఆ దెబ్బంటే ఇష్టం, బండికి బలం వచ్చిందనుకుంటారు. ఆ దెబ్బ షాఫ్టుల మీద, డ్రమ్ముల మీద, మౌంటింగుల మీద పడుతుంది. తర్వాత, కంపెనీ ఈ గేర్‌బాక్స్ ఇంత టార్కే (తిప్పే బలమే) తట్టుకుంటుందని పెట్టిన హద్దు పైకి జరుపుతాడు. కిక్‌డౌన్ (గట్టిగా తొక్కగానే గేరు దిగడం) ఆలస్యం తగ్గిస్తాడు. మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు పెడితే ఆర్‌పీఎం ఎర్ర గీత దాకా పోయినా బండి తనంతట తాను గేరు మార్చకుండా పట్టి ఉంచేలా చేస్తాడు. లాకప్ తొందరగా పడేలా చేస్తాడు, జారుడులో బలం పోకూడదని. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న అంకెల మార్పే. అన్నీ కలిపితే కంపెనీ ఇంజినీర్లు బండి ప్రాణానికి కట్టిన దడి మొత్తం పీకేసినట్టు.

ఆయిల్ సంగతి కూడా. ఆ ఆయిల్ తొంభై డిగ్రీల దగ్గర హాయిగా పని చేస్తుంది. నూట ఇరవై దాటి తరచూ పోతుంటే గట్టి పడి, మైనంలా అంటుకుని, వాల్వ్ బాడీలో వెంట్రుకంత సందులు మూసేస్తుంది. ఒకదాని వెనక ఒకటి నాలుగు రోల్‌లు పడితే నా కూలర్ ఏ మూలకు?

నాలుగు నెలలకు ఆ బండి రికవరీ లారీ మీద వచ్చింది. కింద బోల్టు తీయగానే వాసన కొట్టింది, పప్పు మాడి గిన్నె నల్లబడితే వచ్చే వాసన. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాటుకలా ఉంది. పాన్‌లో ఉండే అయస్కాంతం మీద అంగుళం మందాన నల్ల ముద్ద. మూడు, నాలుగు గేర్లు పట్టే ప్లేట్ల మీద ఉండాల్సిన పేపరు పూత పోయి, ఇనుము ఇనుముతో రాసుకుని నీలం రంగు తేలింది. నా దగ్గర ఆ ప్లేట్లు ఇంకా ఉన్నాయి. షెడ్డు తలుపు పక్కన మేకుకు వేలాడదీశాను.

ఏమైందిరా అని అడిగాను. మూడు నుంచి నాలుగు పడే చోట గేరు జారిందట. ఇంజిన్ గట్టిగా అరిచింది, బండి మాత్రం లాగలేదు. పక్క కారు ముందుకు పోయింది. వెనక వీడియో తీసే కారు దాదాపు మీదికే వచ్చింది. తప్పించుకుందామని ఎడమకు తిప్పితే ముందు పత్తి ట్రాలీ. ట్రాక్టరుకు వెనక లైటు లేదు. “ఇంత సందులకెళ్లి కొట్టిన అన్నా” అని వేళ్లతో చూపించి నవ్వాడు. “పత్తి మీద ఇద్దరు పండుకున్నరు, వాళ్లకు తెల్వనే తెల్వదు” అని ఇంకా నవ్వాడు. ఆ ట్రాలీ ఎటు పోతోందో నేను అడగలేదు. ఆ కాలంలో తెల్లవారుజామున ఆ రోడ్డు మీద పత్తి ట్రాలీ అంటే ఎనుమాములకే.

ప్లేట్లు, కన్వర్టర్, సీల్ కిట్టు, కూలీ కలిపి లక్షా నలభై వేలయింది. డబ్బు కట్టడానికి వాళ్ల నాన్న వచ్చాడు. మంచి మనిషి. బేరం ఆడలేదు. “రెండేళ్లకే గేర్‌బాక్స్ పోయిందంటే ఏం బండ్లు చేస్తున్రు తమ్మీ వీళ్లు” అని కంపెనీని తిట్టాడు. నేను నోరు మూసుకుని బిల్లు రాశాను. ఇందులో నాకు ఇంకా సిగ్గుగా ఉన్నది ఆ పద్దెనిమిది వేలు కాదు, ఆ బిల్లు రాసిన పది నిమిషాలు.

అప్పటి నుంచి ఆ పని చేయడం లేదు. మా లైనులో చేసేవాళ్లు ఉన్నారు. పోటీకి అని ఎవరూ అనరు, ‘పికప్ సెట్ చేయడం’ అంటారు. ట్యూనింగ్ అంటేనే పాపమని నేను అనను. ప్లేట్లు అరిగి జర్కు కొడుతున్న బండికి గేరు పట్టే సమయం మళ్లీ నేర్పించడం మేం రోజూ చేసే పనే. కంపెనీ వాళ్లు కూడా కొత్త ఫైలు ఎక్కిస్తుంటారు. గొడవంతా ఆ అంకెలు ఏ రోడ్డు కోసం మారుస్తున్నాం అన్న దగ్గరే.

మా ఇల్లు హైవేకు కూతవేటు దూరం. ఆదివారం తెల్లవారితే మూడు హారన్లు వినిపిస్తాయి. తర్వాత వచ్చే చప్పుడును బట్టి ట్యూన్ చేసిన బండో కాదో పడుకునే చెప్పగలను. మామూలు ఆటోమేటిక్ గేరు మారేటప్పుడు గొంతు కాస్త దించి మళ్లీ ఎత్తుకుంటుంది. ట్యూన్ చేసిన దానికి ఆ దించడం ఉండదు, చెయ్యి విరిచినట్టు టప్, టప్. ఒకసారి చప్పుడు విని అది ఎవరి చేతి పనో కూడా గుర్తుపట్టాను. మా ఆవిడకు చెబితే, గొప్పే, పడుకో అంది.

ఆ టైములో రోడ్డు ఖాళీగా ఉంటుందని పిల్లలు అంటారు. ఖాళీ ఎక్కడిది? పాల క్యాన్ల బైకులు, కూరగాయల ఆటోలు, పత్తి, మిర్చి ట్రాలీలు. బతుకమ్మ రోజుల్లో అయితే గునుగు, తంగేడు కోసం ఆడవాళ్లు, పిల్లలు రోడ్డు అంచునే సంచులు పట్టుకుని నడుస్తుంటారు. నూట ఇరవై మీద బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. ఏదో కనిపించి కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే యాభై మీటర్లు, ఆపైన ఆగడానికి ఇంకో ఎనభై. డిమ్ లైటులో లైటు లేని ట్రాలీ కనిపించేదే యాభై, అరవై మీటర్లలో. ఆగడానికి ఆ ఎనభై అన్నది కూడా టైర్లు కొత్తవైతేనే. గేర్‌బాక్స్‌కు యాభై మూడు వేలు పెట్టిన ఆ పిల్లవాడి బండికి ముందు టైర్లు నున్నగా ఉన్నాయి. బ్రేకు ప్యాడ్లు మార్చమంటే వచ్చే నెల చూద్దామన్నాడు.

ఇక చట్టం. మా మేనల్లుడు హనుమకొండ కోర్టులో వకీలు. అతన్ని కూర్చోబెట్టి మోటారు వాహనాల చట్టం చదివించుకున్నాను. రోడ్డు మీద పోటీ పెట్టుకుంటే 189వ సెక్షన్. వెనక నెల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి, 2019 సవరణలో మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. ఆ 5 వేలకు నేను గేర్‌బాక్స్ ఆయిల్ కూడా మార్చను. బండిని అనుమతి లేకుండా మారిస్తే ఓనరుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేలు, లేదా ఆరు నెలల దాకా జైలు. అదే సెక్షన్లో తయారీదారుకు, డీలరుకు ఇంకా పెద్ద శిక్ష ఉంది, నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్చినందుకు ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష జరిమానా. మనకేంలే, మనం డీలర్లం కాదుగా అన్నాను. మేనల్లుడు పేజీలు వెనక్కి తిప్పి, ‘డీలరు’ అన్న మాటకు చట్టం మొదట్లో ఇచ్చిన అర్థం చూపించాడు. బండ్లు రిపేరు చేసేవాడు కూడా అందులో ఉన్నాడు. మామా, డీలరువు నువ్వే అన్నాడు.

ఏ మార్పు ఏ నిబంధన కిందికి వస్తుందో వకీళ్లు వాదించుకోవచ్చు. కానీ మా ఊళ్లో ఇన్ని రేసు కేసులు రాశారు కదా, ‘ఈ బండిని ఎవరు ట్యూన్ చేశారు’ అని ఒక మెకానిక్‌ను పిలిచి అడిగినట్టు నేను వినలేదు. సైలెన్సర్ మార్చినవాళ్లను పట్టుకుంటారు. ఆ సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద వేయించి ఫొటో తీయిస్తారు, మీరు వేస్తారు. సైలెన్సర్ కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. గేర్‌బాక్స్ ఫైలు కనిపించదు. కానీ కనిపెట్టడం పెద్ద విద్య కాదు. పట్టుకున్న బండికి స్కానర్ తగిలిస్తే కంప్యూటర్‌లో ఉన్న ఫైలు నంబరు, దాన్ని సరిచూసుకునే ఇంకో నంబరు వస్తాయి. కంపెనీ ఇచ్చిన నంబర్లతో కలవకపోతే ఎవరో చెయ్యి పెట్టినట్టే. కొందరు ముదుర్లు పాత నంబరే కనిపించేలా చేస్తారు, అది నిజమే. వాళ్లు దొరక్కపోతే పోనీ, మిగతావాళ్లు దొరుకుతారు కదా. ప్రమాదం జరిగిన బండిని బ్రేకు ఉందా, స్టీరింగ్ ఉందా అని తనిఖీ చేసే రవాణా శాఖ వాళ్లు ఆ పదిహేను నిమిషాల పని కూడా చేస్తే, మా లైనులో చాలామంది ‘పికప్ సెట్’ చేయడం మానేస్తారు. భయంతోనే మానేస్తారు, మంచితనంతో కాదు. నాకు అదైనా చాలు.

పిల్లలు ఒక మాట అంటారు, హైదరాబాద్‌లో సర్కారే రోడ్డు మీద రేసు పెట్టింది కదా అని. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగిన మాట నిజమే. రోడ్డు మూసి, రెండు పక్కలా కాంక్రీటు గోడలు కట్టి, అంబులెన్సులు నిలబెట్టి పెట్టారు. పత్తి ట్రాలీని రానివ్వలేదు. (ఇంకోటి, ఆ కార్లలో మార్చడానికి గేర్లే లేవు, కరెంటు బండ్లకు ఒక్క గేరే. నాలాంటివాడికి అక్కడ పని లేదు.) మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద, కోయంబత్తూరులో ‘కారి’ అనే రేసు ట్రాక్ మీద డబ్బు కట్టి సరదా తీర్చుకోవచ్చు. అయితే వరంగల్ పిల్లవాడికి అవి ఒక రోజు దూరం. మామునూరులో పాత రన్‌వే ఖాళీగా ఉన్నన్నాళ్లూ, ఏడాదికి ఒక్కరోజైనా అక్కడ పోటీ పెట్టిస్తే బాగుండునని మేం షెడ్డులో అనుకునేవాళ్లం. ఇప్పుడు అక్కడ విమానాశ్రయం వస్తోంది. మంచిదే. కాకపోతే ఆ దారి మూసుకుపోయింది.

మీరు ‘అతివేగం’ అని రాయడం మానమని నేను అనను. దాని కింద ఇంకో వాక్యం రాయండి, ఆ బండి కంప్యూటర్లను పరిశీలించారా లేదా అని. పోలీసులను, రవాణా శాఖను అడిగి రాయండి. పరిశీలించలేదు అన్నా అదే రాయండి.

విలేకరిని పంపితే స్కానర్‌లో ఆ నంబర్లు ఎక్కడ ఉంటాయో చూపిస్తాను, మేకుకు వేలాడే ప్లేట్లు కూడా చేతికిస్తాను. పేరు వేయొద్దని మనవి. వస్తే మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా భోజనానికి ఇంటికి పోతాను, ఆ టైము వదిలి రమ్మనండి.

ఇట్లు,
ఒక గేర్‌బాక్స్ మెకానిక్,
హనుమకొండ